అభిమానమా? ఆరాధనా?



కొద్ది నెలల క్రితం ఒక ఆదివారం, మా విచారణలోని సముద్రపుటొడ్డు పల్లెలో దివ్యబలి పూజ ముగించి పక్క గదిలో పూజావస్త్రాలు మడుస్తున్నాను. ఒక తల్లి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఆమె భర్త రొయ్యల గుంటల మీద కాపలా ఉంటాడు. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నది. “మా పాప మూడు వారాల్నించి గుడికి రావడంలా ఫాదర్. మీరన్నా వచ్చి బుద్ధి చెప్పండి” అన్నది.

సంగతేమిటంటే, ఆ పాప కొరియా దేశపు పాటల బృందం బి.టి.ఎస్.కు అభిమాని. ఆ ఏడుగురు కుర్రవాళ్ల బొమ్మలు గోడ నిండా అతికించుకున్నది. చోటు చాలక తిరుహృదయ పటం పక్కన కూడా ఒకటి అంటించింది. తల్లి అది చూచి, కోపం పట్టలేక, అన్నీ చించి పొయ్యిలో పెట్టింది. ఆ రోజు నుంచి తల్లీబిడ్డల మధ్య మాటలు లేవు. పూజలో మొదటి పఠనం చదివే పిల్ల, గాయక బృందంలో ముందు నిలబడే పిల్ల, గుడివైపు రావటం మానేసింది.

ఆ సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లాను. మొదటి దైవాజ్ఞ మీద నాలుగు మాటలు సిద్ధం చేసుకొనే వెళ్లాను. నోరు తెరిచేలోగా నా జేబులో సెల్‌ఫోను మోగింది. నా ఫోను మోగితే వినిపించేది ‘శంకరాభరణం’లో బాలుగారి పాట! ఆ పాప అంతసేపు దించుకున్న తల ఎత్తింది. “మీకు బాలు, నాకు వాళ్లు. తేడా ఏంది ఫాదర్?” అన్నది.

నేను జవాబు చెప్పలేకపోయాను. టీ తాగి వచ్చేశాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఆ జవాబును ఆమెకూ, మీకూ, నాకూ కలిపి ఈ వారం పాఠంగా రాస్తున్నాను.

1. పాట దేవుని వరమే

మొదట ఒక అపోహ తొలగించుకుందాం. సినిమా పాట అనగానే అది సైతాను సొత్తు అన్నట్లు మాట్లాడేవారు మనలో ఉన్నారు. శ్రీసభ అలా బోధించలేదు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న, ఒకే రోజున, రెండు పత్రాలు వెలువరించింది. ఒకటి దైవార్చన గురించి, రెండవది సినిమా, రేడియో వంటి ప్రసార సాధనాల గురించి. అవి దేవుడిచ్చిన తెలివితో మనిషి కనిపెట్టినవేననీ, మంచికి వాడుకోవాలనీ రెండవ పత్రం చెప్పింది. పోపు ఫ్రాన్సిస్ 2019లో యువతకు రాసిన ప్రబోధంలో, కళలన్నిటిలో సంగీతానికి ప్రత్యేకమైన స్థానం ఉన్నదని గుర్తుచేశారు.

మన నెల్లూరువారికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టారు. ఆయన తండ్రి సాంబమూర్తిగారు నెల్లూరులో పేరున్న హరికథకులు. తిప్పరాజువారి వీధిలోని ఆ ఇంటిని బాలుగారు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి మఠానికి అప్పగించారు. తమ మతాన్ని నిష్ఠగా నమ్మిన కుటుంబం అది. అటువంటి మనిషే 1978లో ‘కరుణామయుడు’ చిత్రంలో క్రీస్తునాథుని సిలువ ప్రయాణం మీద మోదుకూరి జాన్సన్‌గారు రాసిన పాట పాడారు. ఆ చిత్ర దర్శకత్వంలో ఎ. భీమ్‌సింగ్‌గారితో పాటు ఫ్రాన్సిస్కన్ సభ గురువు క్రిస్టఫర్ కొయిలోగారి పేరు కూడా ఉన్నది. తపస్సుకాలం వచ్చిందంటే మన పల్లెల్లో మైకులో ఆ పాట వినిపిస్తుంది. ఎంతమంది ముసలమ్మలు ఆ పాటకు కన్నీరు పెట్టుకోగా చూశానో లెక్క చెప్పలేను.

ఇటు చూస్తే, కేరళ కతోలిక కుటుంబంలో పుట్టిన ఏసుదాసుగారు 1975లో ఒక చిత్రానికి పాడిన అయ్యప్ప కీర్తన శబరిమలలో రాత్రి గుడి మూసే వేళ వినిపిస్తుంది. పాట గోడలు దూకుతుంది. దానికి భయపడవలసిన పని లేదు. మన ప్రశ్న పాట గురించి కాదు. పాట విన్న తరువాత మన మనసు ఎక్కడికి పోతుంది అన్నదే ప్రశ్న.

2. గౌరవం వేరు, ఆరాధన వేరు

ఈ తేడా చెప్పటానికి కతోలికులకు ఉన్నంత సులువు ఇంకెవరికీ లేదు. మరియమాత స్వరూపం ముందు మనం కొవ్వొత్తి వెలిగిస్తాం. సెప్టెంబరు 8 వస్తే వేళాంగణిమాత పేరున ఎంతెంత దూరమో నడిచిపోతాం. కొత్తకోడూరులో సముద్రపుటొడ్డున ఉన్న మాత గుడికి పోయి మొక్కుకుంటాం. పక్క సంఘాలవారు “మీరు బొమ్మలను పూజిస్తారు” అని మనలను ఆక్షేపిస్తే, మన పిల్లలకు జవాబు తెలియదు. జవాబు పన్నెండు వందల సంవత్సరాల క్రితమే శ్రీసభ చెప్పి పెట్టింది.

ఎనిమిదో శతాబ్దంలో తూర్పు దేశపు చక్రవర్తులు స్వరూపాలను, పటాలను నిషేధించి పగులగొట్టించారు. అప్పుడు క్రీ.శ. 787లో రెండవ నీసియా మహాసభ కూడి ఒక తీర్పు ఇచ్చింది. ఆరాధన దేవునికి ఒక్కరికే చెల్లుతుంది. పునీతులకు, వారి పటాలకు ఇచ్చేది గౌరవం. ఆ గౌరవం పటం దగ్గర ఆగిపోదు, పటంలోని వ్యక్తికి చేరుతుంది. ఆ పునీతులు కూడా దానిని తమ దగ్గర ఉంచుకోరు, తమను పునీతులుగా చేసిన ప్రభువుకు అందిస్తారు.

కృష్ణపట్నం రేవుకు తిరిగివచ్చే పడవవాళ్లు చీకట్లో లైట్‌హౌసు దీపం కోసం వెదుకుతారు. ఆ దీపం లేకపోతే దారి లేదు. కానీ లైట్‌హౌసు చూసి మురిసిపోతూ సముద్రంలోనే ఉండిపోయే పడవ ఏదీ లేదు. దీపం చూచి ఇల్లు చేరాలి. పునీతుడైనా, గాయకుడైనా, దీపం చేసే పని అంతే.

మొదటి సూత్రం ఇదే: ఒక మనిషిని ఇష్టపడటం, గౌరవించటం తప్పు కాదు. ఆ ఇష్టం ఆ మనిషి దగ్గరే ఆగిపోయిందా, లేక మనలను ఇంకా మంచి చోటికి నడిపించిందా అని చూచుకోవాలి.

బాలుగారినే తీసుకోండి. 1966 డిసెంబరులో ఆయనతో మొదటి సినిమా పాట పాడించిన గురువు ఎస్.పి. కోదండపాణిగారు. ఎంత పేరు వచ్చినా బాలుగారు తన రికార్డింగు స్టూడియోకు తన పేరు పెట్టుకోలేదు, గురువు పేరు పెట్టారు. 2017లో, పాటల ప్రయాణానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో, భార్యతో కలిసి ఏసుదాసుగారికి పాదపూజ చేశారు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో పాట రాసిన కవిని, బాణీ కట్టినవారిని తలచుకోవటం ఒక ఆనవాయితీ. తన మీదికి వచ్చిన చప్పట్లను ఇంకొకరి వైపు తిప్పటం ఆయనకు అలవాటు. అభిమానులమైన మనకు ఆ అలవాటు అబ్బిందా?

3. నా అభిమానం ఆగిపోయిన గంట

నాకు అబ్బలేదని నా విచారణవారి ముందు ఒప్పుకుంటున్నాను. చిన్న గురువిద్యాలయంలో ఉన్నప్పుడు రాత్రిపూట దుప్పటి కింద ట్రాన్సిస్టరు పెట్టుకొని బాలుగారి పాటలు విని, పట్టుబడి, వారంరోజులు పాత్రలు కడిగినవాణ్ణి నేను. అది నవ్వుకొనే సంగతి. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

2020 సెప్టెంబరు 25న బాలుగారు చెన్నైలో కన్నుమూశారు. కరోనాతో ఆగస్టులో ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఆయన కోసం నేనూ జపమాల చెప్పినవాణ్ణే. మరునాడు శనివారం తామరైపాక్కంలో ఆయన అంత్యక్రియలు టీవీలో వస్తున్నాయి. కన్నార్పకుండా చూస్తున్నాను. ఒక ఇంటి నుంచి ఫోను వచ్చింది. “తాతకు బాగాలేదు ఫాదర్, మిమ్మల్నే అడుగుతా ఉండాడు” అన్నారు. పావుగంటలో వస్తానన్నాను. పావుగంట గంటయింది.

మాస్కు పెట్టుకొని, తైలం తీసుకొని వెళ్లేసరికి పెద్దాయనకు స్పృహ తప్పింది. అవస్థ అభ్యంగనం ఇచ్చాను. పాపసంకీర్తనం చేసుకోవాలని ఉదయం నుంచి అడిగాడట. ఆయన నోట మళ్లీ మాట రాలేదు. దేవుని కరుణ నా ఆలస్యానికి కట్టుబడి ఉండదని నమ్ముతున్నాను. కానీ ఆ పెద్దాయన చెప్పుకోవాలనుకున్న మాటలు వినవలసినవాణ్ణి నేను. వినలేదు. ఆ ఇంటివారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే అది ఇంకా బరువుగా ఉన్నది.

తప్పు బాలుగారిది కాదు, పాటది కాదు. నా అభిమానం ఆ టీవీ ముందు ఆగిపోయింది. ఆ గంటసేపు అది అభిమానం కాదు, ఆరాధన. “తేడా ఏంది ఫాదర్?” అని ఆ పాప అడిగినప్పుడు నా నోరు ఎందుకు పడిపోయిందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

4. పెద్దల మాటలు రెండు

ఈ విషయంలో పెద్దలు కూడా ఒకే మాట చెప్పలేదు. 1997 సెప్టెంబరు 27న ఇటలీలోని బొలోన్యా నగరంలో దివ్యసత్ప్రసాద మహాసభ జరిగింది. అమెరికా గాయకుడు బాబ్ డిలన్ పోపు రెండవ జాన్ పాల్‌గారి ఎదుట, లక్షలాది యువజనుల నడుమ పాడాడు. పోపుగారు ఆ గాయకుని పాత పాటనే ప్రసంగానికి ఆధారం చేసుకున్నారు. ఆ పాటలో గాలికి వదిలేసిన జవాబు, పరిశుద్ధాత్మ అనే గాలిలో దొరుకుతుందని చెప్పారు. మనిషి నడవవలసిన దారి ఒక్కటే, అది క్రీస్తు అని బోధించారు. అభిమానుల చేతిలోని దీపాన్నే తీసుకొని దారి చూపించారు.

అయితే అప్పటి కార్డినల్ రాట్జింగర్‌గారికి ఆ ఏర్పాటు నచ్చలేదు. పోపు పదహారవ బెనెడిక్టు అయిన తరువాత, 2007లో, ఆ సంగతి స్వయంగా రాశారు. అంతకుముందు 2000లో దైవార్చన మీద రాసిన గ్రంథంలో, పెద్ద పెద్ద రాక్ ఉత్సవాలు ఒక పూజలాగా తయారవుతాయనీ, మనిషి గుంపులో తనను తాను పోగొట్టుకుంటాడనీ హెచ్చరించారు. ఆయన సంగీతం తెలియనివారు కాదు. పియానో వాయించేవారు, మోజార్టు అంటే ప్రాణం.

ఇద్దరిలో ఎవరు సరి? ఇద్దరి మాటా మనకు కావాలి. పాటలోని ప్రశ్నను క్రీస్తు దగ్గరికి తీసుకుపోవచ్చునని ఒకరు చూపించారు. గుంపులో పడితే ఆ దారి తప్పుతుందని మరొకరు చెప్పారు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటరు దగ్గర తొక్కిసలాటలో, సినిమా చూడటానికి బిడ్డలతో వచ్చిన ఒక తల్లి ప్రాణం పోయింది. గుంపు గురించిన హెచ్చరిక మనకు దూరపు సంగతి కాదు.

పునీత అగస్తీనుగారు ఈ రెండు మాటలనూ ఒక్క గుండెలో మోశారు. 387లో మిలాను నగరంలో జ్ఞానస్నానం పొందిన రోజుల్లో గుడి పాటలు విని ఏడ్చానని రాసుకున్నారు. అర్థం కన్నా రాగమే తనను ఎక్కువగా కదిలించిన సందర్భాలు ఉన్నాయనీ, అది తన పాపమేననీ ఆయనే రాసుకున్నారు. అయినా పాట వద్దనలేదు. గుడి పాటలోనే అంత జాగ్రత్త కావాలంటే, బయటి పాట సంగతి చెప్పాలా?

5. నాలుగు పరీక్షలు

‘అభిమానం’ అనే మాటను మన తెలుగులో రెండు విధాలుగా వాడతాం. ఫలానా నటుడి మీద అభిమానం అంటాం. “వాడు అభిమానం గల మనిషి” అనీ అంటాం, అంటే ఆత్మగౌరవం కలవాడని. మన దేశపు తత్త్వశాస్త్రంలో ఈ మాటకు ‘నేను, నాది’ అనే భావం అని అర్థం. అందుకే “మా హీరో”ను ఎవరైనా ఒక మాట అంటే, మనలనే అన్నట్లు పొడుచుకొస్తుంది. మన ‘నేను’ను తీసుకుపోయి ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర తాకట్టు పెట్టామన్నమాట. ఆ తాకట్టు ఎంత లోతుగా ఉన్నదో తెలుసుకోవటానికి నాలుగు పరీక్షలు.

మొదటిది: ఆగమంటే ఆగుతుందా? తపస్సుకాలంలో మాంసం మానినట్లు, శుక్రవారం ఒక్క రోజు ఆ పాటలు, ఆ వీడియోలు మానగలవా? 2025 సెప్టెంబరు 7న పునీతుడైన కార్లో అకుటిస్, పదిహేనేళ్లకే మరణించిన కుర్రవాడు, వీడియో ఆటలంటే ఇష్టమున్నా వారానికి ఒక్క గంటే ఆడాలని నియమం పెట్టుకున్నాడు. మానగలిగితే అది నీ చేతిలో ఉన్నది. మానలేకపోతే నువ్వే దాని చేతిలో ఉన్నావు.

రెండవది: ఎవరి బాకీ ఎగ్గొడుతున్నది? సమయం కూడా బాకీయే. చదువుకు, అమ్మకు, దేవునికి చెల్లించవలసిన గంట ఎటు పోయింది? ఫ్లెక్సీకి చందా ఇచ్చిన డబ్బు ఎవరి రెక్కల కష్టం? నేను ఎగ్గొట్టిన బాకీ ఏమిటో పైన చెప్పాను.

మూడవది: ఎవరిని ద్వేషించమంటున్నది? పాట ప్రేమ గురించి పాడుతుంటే, ఆ పాట అభిమాని ఫోనులో ఇంకొక గాయకుని అభిమానులను బూతులు తిడుతుంటే, ఆ పాట అతని చెవి దాటి లోపలికి పోలేదు.

నాలుగవది: ఏమి నేర్పుతున్నది? పునీతులను గౌరవించటంలో ముఖ్యమైన భాగం వారిని అనుసరించటం. బాలుగారి సాధన, గురుభక్తి, పలుకులో శుభ్రత అభిమానికి అబ్బాలి. ఆయన పాట ఫోనులో పెట్టుకోవటం తేలిక.

విగ్రహారాధన అంటే ఏమిటో 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం చెబుతుంది: దేవుడు కానిదానిని దేవుని స్థానంలో నిలబెట్టటం. అధికారం, సుఖం, డబ్బు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. ఈ నాలుగు పరీక్షల్లో తప్పితే మన అభిమానం కూడా అందులో చేరుతుంది.

6. తల్లిదండ్రులకు ఒక మాట

అమ్మా, నాయనా! పటం చించితే అభిమానం చిరగదు. బిడ్డ మనసే చిరుగుతుంది. మీ బిడ్డ ఏమి వింటున్నదో ఒకసారి పక్కన కూర్చొని వినండి. పాటలో మంచి ఉంటే మంచిదనండి, చెడు మాట ఉంటే చెడ్డదనండి. వినకుండా చెప్పిన తీర్పును బిడ్డలు లెక్కచేయరు. అలాగే తిరుహృదయ పటం పక్కన ఇంకొక బొమ్మ వద్దు అని చెప్పటం మీ హక్కు. ఆ గోడ ఎవరిదో ఇంట్లో అందరికీ తెలియాలి. మిగతా గోడ మీద కొంచెం ఓర్పు చూపండి.

రెండు వారాల తరువాత మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఈసారి ప్రసంగం తీసుకుపోలేదు. ఆ పెద్దాయన సంగతి, నేను పోగొట్టిన గంట సంగతి ఆ పాపకు చెప్పాను. “తేడా మనుషుల్లో లేదమ్మా. అభిమానం ఎక్కడ ఆగిందన్నదే తేడా. నాది ఒకసారి ఆగకూడని చోట ఆగింది” అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన నోటు పుస్తకం తెచ్చి చూపించింది. పాటల అర్థం తెలుసుకోవాలని తనంతట తాను కొరియా అక్షరాలు దిద్దింది! ఆ శ్రద్ధ చూచి నాకు ముచ్చటేసింది.

అప్పుడు అడిగాను: “ఆ దేశంలో మన విశ్వాసం ఎట్లా మొదలైందో తెలుసా?” తెలియదన్నది. కొరియాలో శ్రీసభను మొదట నాటింది బయటి నుంచి వెళ్లిన గురువులు కాదు. పుస్తకాలు చదివి సత్యాన్ని వెదికిన గృహస్థులు. వారిలో ఒకరు 1784లో బీజింగు వెళ్లి జ్ఞానస్నానం పొంది వచ్చి, మిగతావారికి తానే ఇచ్చాడు. ఆ తరువాత వంద సంవత్సరాల పాటు ఘోరమైన హింసలు. కొరియా జాతిలో మొదటి గురువు పునీత ఆండ్రూ కిమ్ 1846లో, పాతికేళ్ల వయసులో వేదసాక్షిగా మరణించారు. ఆయనను, మరి 102 మంది వేదసాక్షులను పోపు రెండవ జాన్ పాల్‌గారు 1984 మే 6న సియోల్ నగరంలోనే పునీతులుగా ప్రకటించారు. 2027 ఆగస్టులో ప్రపంచ యువజన దినోత్సవం జరగవలసింది కూడా అదే సియోల్‌లో.

మరుసటి ఆదివారం ఆ పాప గుడికి వచ్చింది. చివరి వరుసలో కూర్చున్నది. పూజ తరువాత నా దగ్గరికి వచ్చి, “సెప్టెంబరు 20న వాళ్ల పండగంట గదా ఫాదర్. మీరు మాకెప్పుడూ చెప్పలా” అన్నది. నిజమే. ప్రతి ఏడూ ఆ రోజు పూజలో వాళ్ల పేర్లు చదివి దాటేసినవాణ్ణే. ఒక పాటల బృందం మీద అభిమానం ఆ బిడ్డను వేదసాక్షుల దాకా నడిపించింది. నన్ను కూడా వెంటబెట్టుకుపోయింది.

ఆమె గాయక బృందంలోకి ఇంకా రాలేదు. నేను తొందరపెట్టటం లేదు. తల్లి మాత్రం ఆ ఏడుగురి పేర్లు నేర్చుకుంటున్నదట. ఎవరు ఎవరో ఇంకా తేడా తెలియటం లేదని నాతో చెప్పి నవ్వింది.

ఆలోచించి, చర్చించండి (యువజన సంఘాల కూటమిలో, ఇంట్లో జపమాల తరువాత)

1. నాకు ఇష్టమైన గాయకుడు లేక గాయని నుంచి నేను నేర్చుకున్న ఒక్క మంచి అలవాటు ఏది?

2. ఈ నెలలో నా అభిమానం ఎవరి గంటను తినేసింది? ఆ గంటను ఎట్లా తిరిగి చెల్లిస్తాను?

3. మా ఇంట్లో పెద్దలు వినే పాటలు ఏవి, పిల్లలు వినే పాటలు ఏవి? ఒక సాయంత్రం ఒకరివి ఒకరం విందామా?

ప్రార్థన: ప్రభూ! మా చెవులకు పాట ఇచ్చినందుకు వందనాలు. పాడేవారిని గౌరవించే మనసు ఇవ్వండి. మా ప్రేమ వారి దగ్గర ఆగిపోక మీ సన్నిధి చేరేటట్లు నడిపించండి. ఎవరైనా పిలిచినప్పుడు వెంటనే లేచి వెళ్లే కాళ్లను మాకు దయచేయండి. ఆమెన్.